రొట్టె, అప్పు, రాజ్యం: అరబ్బు దేశాల అలజడి చరిత్ర

ఉగాది నాడు పంచాంగం విప్పగానే మన పెద్దలు మొదట చూసేవి నాలుగు గళ్ళు: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. మనుషుల రాశులకు వేసే ఈ గళ్ళను దేశాలకు కూడా వేసి చూస్తే చరిత్ర చాలావరకు బోధపడుతుంది. ఆదాయానికి మించిన వ్యయం, ఆ లోటు పూడ్చడానికి అప్పు, అప్పు వెంట అవమానం, అవమానం వెంట తిరుగుబాటు. గత నూటయాభై ఏళ్ళ అరబ్బు దేశాల చరిత్రలో ఈ వరుస మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. దానిని నాకు తెలిసినంత మేరకు ఈ సంచిక పాఠకులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మనకెందుకీ గొడవ?

షోలాపూరులో మగ్గాల మీద, మిల్లులలో, బీడీ కార్ఖానాలలో, రైల్వేలో పొట్టపోసుకుంటున్న తెలుగువారికి కైరో సంగతి, ట్యూనిస్ సంగతి ఎందుకని కొందరు అడగవచ్చు. కూటికోసం కోటి విద్యలన్నారు. ఆ కూటికోసమే మన తాతలు తెలంగాణం వదలి ఇక్కడికి వచ్చారు. ఆ కూటికోసమే కరీంనగరం, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుంచి వేలాదిమంది నేడు గల్ఫు దేశాలకు పోతున్నారు. మన చుట్టాలలో దుబాయిలోనో, కువైట్‌లోనో, రియాద్‌లోనో ఒకరైనా లేని కుటుంబాలు తక్కువ. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు లక్షా డెబ్బై వేలమంది భారతీయులను విమానాల మీద స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. వారిలో అధికభాగం ఎడారి దాటి జోర్డాను రాజధాని అమ్మాన్ చేరి, అక్కడ విమానాలెక్కారు. 2011లో లిబియా నుంచి, 2015లో యెమెన్ నుంచి, 2023లో సూడాను నుంచి మనవాళ్ళు ఇట్లాగే ఇల్లు చేరారు. అక్కడ నిప్పంటుకుంటే ఇక్కడ మనియార్డరు ఆగుతుంది. కనుక ఆ నిప్పు ఎట్లా పుడుతుందో తెలుసుకోవడం మన ఇంటి పనే.

చదువు సాగిన తీరు

మెట్రిక్‌తో చదువు ఆగిపోయి గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేరినవాడికి ఈ జ్ఞానం ఎక్కడిదని మిత్రులు అడుగుతుంటారు. ఈ కాలంలో విశ్వవిద్యాలయం మన గుమ్మంలోకి వచ్చింది. రాత్రి డ్యూటీ లేని రోజులలో భోజనమయ్యాక సెల్‌ఫోనులో ఆచార్యుల పాఠాలు వినవచ్చు. ఇంగ్లీషు యాస అందకపోతే మాటలు తెర అడుగున అక్షరాలుగా నడుస్తాయి. ఒకసారి అర్థంకాకపోతే పదిసార్లు వినవచ్చు, విసుక్కునే పంతులు లేడు. పక్కన నిఘంటువు, నోటు పుస్తకం, ఒక దేశపటం ఉంటే చాలు.

నేను మొదట విన్నది టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య ఆషర్ సస్సర్ పాఠాలు. ఆధునిక మధ్యప్రాచ్యం ఎట్లా ఏర్పడిందో ఆయన ఓపికగా చెబుతారు. తరువాత కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయపు ఎబ్రహీం అఫ్సా పాఠాలు విన్నాను. అవి ముస్లిం దేశాలలో రాజ్యాంగాల కోసం జరిగిన పెనుగులాటను గురించినవి. అయితే టెల్ అవీవ్ నుంచి చూస్తే ఒక తీరుగా కనబడే కొండ డమాస్కసు నుంచి చూస్తే మరొక తీరుగా కనబడుతుంది. అందుచేత జార్జి ఆంటోనియస్ 1938లో ప్రచురించిన అరబ్బుల మేల్కొలుపు గ్రంథాన్నీ, ఆల్బర్ట్ హొరానీ 1991లో వెలువరించిన అరబ్బు జాతుల చరిత్రనూ పక్కన పెట్టుకుని చదివాను. కోర్టులో వాది, ప్రతివాది ఇద్దరినీ విన్నట్లుగా చరిత్రను కూడా రెండు చెవులతో వినాలి. ఫోనులో ఒకరి నుంచి మరొకరికి ఎగబాకే వార్తలకూ ఈ చదువుకూ ఉన్న భేదం ఇదే. వార్త కోపం తెప్పిస్తుంది. చదువు కారణం అడిగిస్తుంది.

ప్రత్తి తెచ్చిన భాగ్యం, అప్పు తెచ్చిన చావు

మన షోలాపూరు ప్రజలకు సులువుగా అర్థమయ్యే చోట మొదలుపెడతాను. అది ప్రత్తి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దక్షిణ రాష్ట్రాల ప్రత్తి లాంకషైరు మిల్లులకు చేరడం ఆగిపోయింది. మిల్లుదార్లు రెండు దేశాల మీద పడ్డారు. ఒకటి హిందూదేశం, రెండవది ఈజిప్టు. దక్కనులో రైతు చేతిలో ఎన్నడూ లేని డబ్బు ఆడింది. బొంబాయిలో వాటాల పిచ్చి ముదిరింది. ఈజిప్టులో నైలు నది డెల్టా యావత్తు ప్రత్తిచేను అయింది. ఆ దేశంలో పొడుగు పింజ ప్రత్తి 1820ల నుంచే, ముహమ్మద్ అలీ పాలనలోనే పండుతున్నది. ఇప్పుడు దాని ధర ఆకాశానికంటింది.

1863లో ఈజిప్టు గద్దెనెక్కిన ఇస్మాయిల్ ఈ భాగ్యం శాశ్వతమనుకున్నాడు. రైళ్ళు, కాలువలు, తంతి, కొత్త కైరో నగరం అన్నీ ఒక్కసారిగా కావాలన్నాడు. 1869 నవంబరు 17న సూయజ్ కాలువ ప్రారంభోత్సవానికి యూరపు రాజవంశాలను పిలిచి విందులు చేశాడు. కాని 1865లోనే అమెరికా యుద్ధం ముగిసింది. ప్రత్తి ధర పడిపోయింది. అయినా ఖర్చు తగ్గలేదు. అప్పు చేసి పప్పు కూడు అనే సామెతకు ఇంతకంటె పెద్ద ఉదాహరణ చరిత్రలో అరుదు. 1876 నాటికి ఈజిప్టు అప్పు సుమారు తొమ్మిది కోట్ల పౌన్లకు చేరింది.

ఇక్కడ ఒక సంవత్సరం గుర్తుంచుకోవాలి: 1875. ఆ సంవత్సరం మే నెలలో పుణే జిల్లా సూపే గ్రామంలో రైతులు షావుకార్ల మీద తిరగబడి అప్పు పత్రాలు తగలబెట్టారు. దక్కను అల్లర్లుగా పేరుపడిన ఈ అలజడి పుణే, అహమ్మదునగరం జిల్లాలలో పాకింది. ప్రత్తి ధర పడిపోవడం దానికి ఒక ముఖ్య కారణం. అదే సంవత్సరం నవంబరులో ఇస్మాయిల్ సూయజ్ కాలువలో తన వాటాలను సుమారు నలభై లక్షల పౌన్లకు ఇంగ్లండుకు అమ్ముకున్నాడు. ఇక్కడి రైతుకు షావుకారు ఎట్లాగో అక్కడి రాజుకు లండను, పారిసు బ్యాంకులు అట్లాగే. రైతు దగ్గర కాల్చడానికి పత్రమైనా ఉంది. రాజు దగ్గర అదీ లేదు.

1876లో అప్పులవాళ్ళ ప్రతినిధులు కైరోలో రుణ నిర్వహణ కార్యాలయం తెరిచి దేశపు రాబడిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. 1879లో ఇస్మాయిల్‌ను గద్దె దింపారు. విదేశీ తనిఖీదార్లు ఖర్చు తగ్గించాలంటూ ఈజిప్టు సైనికులను ఇంటికి పంపించారు. తురకజాతి అధికారులకు మాత్రం పెద్ద పదవులు నిలిచాయి. అప్పుడు ఒక గ్రామ పెద్ద కొడుకు, సైన్యంలో కర్నలు అయిన అహమ్మద్ ఉరాబీ, ఈజిప్టు ఈజిప్టువారిదే అన్న మాటతో లేచాడు. 1882 జూలై 11న ఇంగ్లీషు యుద్ధనౌకలు అలెగ్జాండ్రియా మీద గుళ్ళు కురిపించాయి. సెప్టెంబరు 13న తెల్ అల్ కబీర్ దగ్గర ఉరాబీ ఓడిపోయాడు. అతన్ని సింహళానికి ప్రవాసం పంపారు. అప్పు వసూలుకు వచ్చిన సైన్యం 1956 జూను దాకా పూర్తిగా కదలలేదు. ఆ సైన్యంలో హిందూదేశపు దళాలు కూడా ఉన్నాయన్నది మనం మరువరాని విషయం.

పటం మీద గీతలు

తరువాతి అంకం మొదటి ప్రపంచయుద్ధం. అంతకుముందు సిరియా, ఇరాకు, పాలస్తీనా, హిజాజ్ ప్రాంతాలు తురుష్క సుల్తాను ఏలుబడిలో ఉండేవి. సుల్తాను అబ్దుల్ హమీదు 1900లో డమాస్కసు నుంచి మదీనాకు రైలుమార్గం మొదలుపెట్టాడు. దానికి ప్రపంచంలోని ముస్లిములందరూ చందాలిచ్చారు. హిందూదేశం నుంచీ డబ్బు వెళ్ళింది. సుమారు 1,300 కిలోమీటర్ల ఆ మార్గం 1908లో మదీనా చేరింది. దాని పట్టాల మధ్య దూరం 1,050 మిల్లీమీటర్లు. మన పాత మీటరు గేజి కంటె అయిదు సెంటీమీటర్లు ఎక్కువ. యాత్రికులకోసం వేసిన ఆ పట్టాలనే యుద్ధకాలంలో అరబ్బు తిరుగుబాటుదార్లు ఇంగ్లీషువారి మందుగుండుతో పేల్చారు.

ఆ తిరుగుబాటుకు మూలం ఒక వాగ్దానం. 1915 జూలై నుంచి 1916 మార్చి దాకా నడిచిన ఉత్తరాలలో ఇంగ్లీషువారు మక్కా షరీఫు హుస్సేనుకు అరబ్బుల స్వాతంత్ర్యం ఆశచూపారు. 1916 మేలో ఇంగ్లండు, ఫ్రాన్సు రహస్యంగా అదే భూమిని తమలో తాము పంచుకున్నాయి. సైక్స్ అనే ఇంగ్లీషువాడు, పికో అనే ఫ్రెంచివాడు కుదిర్చిన ఒప్పందం అది. 1917 నవంబరు 2న పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పాటుకు సాయపడతామని ఇంగ్లండు విదేశాంగమంత్రి బాల్ఫోర్ ప్రకటించాడు. ఒకే పొలానికి మూడు దస్తావేజులు పుట్టాయి. 1920 ఏప్రిల్‌లో సాన్ రెమో సభలో పంపకం ఖాయమైంది. హుస్సేను కొడుకు ఫైసల్‌ను డమాస్కసు నుంచి ఫ్రెంచి సైన్యం తరిమివేసింది. మరుసటి సంవత్సరం ఇంగ్లీషువారు అతన్నే ఇరాకుకు రాజును చేశారు. అంతకుముందు 1920 వేసవిలో ఇరాకు తిరగబడినప్పుడు అణచడానికి మళ్ళీ హిందూదేశపు సిపాయిలనే వాడారు.

ఈ గీతలే నేటి కష్టాలన్నింటికీ కారణమని చెప్పేవారున్నారు. గీతలు పొరపాటువే కావచ్చు. కాని గీత లోపల మనుషులను ఎట్లా చూశారన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. ఈజిప్టుకు, ట్యునీషియాకు సరిహద్దులు ఎప్పటినుంచో ఉన్నవే. అయినా 2011లో మొదట లేచినవి ఆ రెండు దేశాలే.

రొట్టె మీకు, రాజ్యం మాకు

1952 జూలై 23న ఈజిప్టులో యువ సైనికాధికారులు రాజును తొలగించారు. వారిలో ప్రముఖుడు గమాల్ అబ్దుల్ నాసర్. 1955 బాండుంగ్ సభలో నెహ్రూ పక్కన కూర్చున్న నాసర్‌ను మన పెద్దలు బాగా ఎరుగుదురు. 1952 సెప్టెంబరులోనే భూసంస్కరణ చట్టం చేసి ఒక్కొక్కరి భూమికి రెండువందల ఫెద్దాన్ల పరిమితి పెట్టారు. ఫెద్దాను అంటే ఎకరం కంటె స్వల్పంగా ఎక్కువ. 1956 జూలై 26న నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. ఇస్మాయిల్ అమ్ముకున్న గౌరవం తిరిగి వచ్చిందని ఈజిప్టు ప్రజలు ఉప్పొంగారు. ఆ అక్టోబరులో ఇజ్రాయెల్, ఇంగ్లండు, ఫ్రాన్సు కలిసి దండెత్తినా ప్రపంచాభిప్రాయం ఎదుట వెనక్కు తగ్గాయి. తరువాత వచ్చిన ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో మన జవానులు 1967 దాకా పనిచేశారు.

అయితే నాసర్ ప్రజలకు ఇచ్చినదేమిటి, తీసుకున్నదేమిటి అన్నది జమాఖర్చుగా వేసి చూడాలి. ఇచ్చినవి: భూమి, ఉచిత విద్య, పట్టభద్రులకు సర్కారు ఉద్యోగం, చవక రొట్టె. తీసుకున్నవి: పార్టీలు, స్వతంత్ర కార్మిక సంఘాలు, ఎన్నికలలో ఎంచుకునే హక్కు, పత్రికల నోరు. రొట్టె మీకు, రాజ్యం మాకు అన్న ఈ కాగితం లేని ఒప్పందమే సిరియా, ఇరాకు, అల్జీరియా, ట్యునీషియాలలో కొద్దికొద్ది మార్పులతో నడిచింది. గల్ఫు రాజ్యాలలో నూనె డబ్బుతో అదే పద్ధతి ఇంకా సౌఖ్యంగా సాగింది.

ఒప్పందంలో ఒక చిక్కు ఉంది. రొట్టె ఇవ్వలేని రోజు వస్తే రాజ్యం ఎందుకు ఇవ్వాలని ప్రజలు అడుగుతారు.

రొట్టె ధర పెరిగిన రోజులు

ఈజిప్టు వాడుక అరబ్బీలో రొట్టెను ఐష్ అంటారు. ఆ మాటకు అసలు అర్థం బ్రతుకు. అన్నం పరబ్రహ్మ స్వరూపమనే మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. ఆ దేశం గోధుమలలో పెద్దభాగం బయటినుంచి కొనుక్కుంటుంది. ప్రపంచంలో గోధుమ దిగుమతికి ఈజిప్టు పేరుమోసింది.

1974 తరువాత అధ్యక్షుడు సాదాత్ విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచాడు. అప్పులు పెరిగాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఖర్చు తగ్గించమన్నది. 1977 జనవరి 17న రొట్టె, పిండి, పంచదార, వంటగ్యాసు మొదలైనవాటి మీద ఇస్తున్న సర్కారు సాయాన్ని కోస్తున్నట్లు ప్రకటించారు. 18, 19 తేదీలలో అలెగ్జాండ్రియా నుంచి అస్వాను దాకా జనం వీధులకెక్కారు. డెబ్బైమందికి పైగా మరణించారు. రెండు రోజులలో సర్కారు ధరలను వెనక్కు తీసుకున్నది. 1981 జూనులో మొరాకోలోని కాసాబ్లాంకాలో ఇదే జరిగింది. 1983 డిసెంబరు ఆఖరులో ట్యునీషియా రొట్టె ధరను రెట్టింపు చేసింది. దక్షిణాన ఎడారి అంచు పల్లెలలో పుట్టిన మంట రాజధానికి పాకింది. 1984 జనవరి 6న వృద్ధ అధ్యక్షుడు బుర్గీబా స్వయంగా పెంపును రద్దు చేశాడు.

అదే 1983లో ఆంధ్రదేశంలో నందమూరి తారకరామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. రెండు చోట్లా పేదవాడి తిండికి సర్కారు సాయమే. కాని భేదం గమనించండి. మనవద్ద ఆ బియ్యం ఎన్నికలలో అడిగి, ఓటు వేసి తెచ్చుకున్నది. ఖర్చు ఎక్కువైతే శాసనసభలో వాదన జరుగుతుంది, ధర మారుతుంది, నచ్చకపోతే మరుసటి ఎన్నికలో ప్రభుత్వం మారుతుంది. ట్యునీషియాలో అడగడానికి వీధి తప్ప చోటు లేదు.

1989 ఏప్రిల్‌లో జోర్డానులో పెట్రోలు తదితరాల ధర పెరిగినప్పుడు దక్షిణాన మాన్ పట్టణంలో అల్లర్లు మొదలయ్యాయి. రాజు హుస్సేను ప్రధానమంత్రిని మార్చాడు. అదే సంవత్సరం నవంబరులో పార్లమెంటుకు ఎన్నికలు జరిపించాడు. 1967 తరువాత అవే మొదటి సాధారణ ఎన్నికలు. తలుపు కొంచెమైనా తెరిస్తే గోడ కూలదని ఆ రాజు గ్రహించాడు. మిగిలినవారు రొట్టె ధర తగ్గించారు, తలుపు మాత్రం తెరవలేదు.

మహల్లా నేతగాండ్లు

నేత పనివారి బిడ్డలమైన మనకు ఈజిప్టులోని మహల్లా అల్ కుబ్రా పట్టణం దగ్గరి చుట్టం వంటిది. డెల్టా నడుమనున్న ఆ ఊరిలో 1927లో, తలాత్ హర్బ్ స్థాపించిన మిస్ర్ బ్యాంకు ఒక పెద్ద నూలు, నేత మిల్లు పెట్టింది. విదేశీ మిల్లులకు దూది అమ్ముకునే దేశం తన గుడ్డ తాను నేసుకోవాలన్న స్వదేశీ ఆశయం దాని వెనుక ఉంది. 2006 డిసెంబరులో ఇస్తామన్న బోనసు ఇవ్వకపోతే ఆ మిల్లులో మొదట ఆడవారు పని మాని బయటికి వచ్చారు. మగవాళ్ళేరీ అని కేకలు వేసి మిగిలినవారిని లేవదీశారు. వేలాదిమంది సమ్మె చేసి గెలిచారు. 2008 మొదట్లో గోధుమ ధర పెరిగి రొట్టె అంగళ్ళ ముందు వరుసలు బారులు తీరాయి. వరుసలలో తోపులాటలకు ప్రాణాలు పోయాయి. చివరకు సైన్యం చేత రొట్టెలు కాల్పించవలసి వచ్చింది. ఆ ఏప్రిల్ 6న మహల్లాలో మళ్ళీ అలజడి రేగింది. కైరోలో కొందరు యువకులు ఆ తేదీ పేరే తమ ఉద్యమానికి పెట్టుకున్నారు. 2011లో తహ్రీర్ చౌకులో ముందు నిలిచినవారిలో వారున్నారు.

1930 మేలో షోలాపూరు మిల్లు కార్మికులు లేచినప్పుడు ఈ ఊరి మీద సైనిక శాసనం విధించారు. 1931 జనవరిలో నలుగురిని ఉరితీశారు. ఆ నలుగురి పేర నిలిచిన చౌకు మీదుగా మనం రోజూ నడుస్తున్నాం. మహల్లా గాథ మనకు పరాయిది కాదు.

కూరగాయల బండి

2010 వేసవిలో రష్యాలో అనావృష్టి వచ్చి ఆగస్టులో గోధుమ ఎగుమతి ఆపివేశారు. ప్రపంచమంతటా ధర పెరిగింది. ఆ డిసెంబరు 17న ట్యునీషియాలోని సీదీ బూజీద్ పట్టణంలో తోపుడుబండి మీద పళ్ళు, కూరగాయలు అమ్ముకునే 26 ఏళ్ళ మొహమ్మద్ బువజీజీ సరుకును మునిసిపాలిటీవారు స్వాధీనం చేసుకున్నారు. చెప్పుకుందామని గవర్నరు కచేరీకి పోతే వినేవాడు లేకపోయాడు. కచేరీ ఎదుటనే అతడు ఒంటికి నిప్పంటించుకున్నాడు. 2011 జనవరి 4న కన్నుమూశాడు. జనవరి 14న, ఇరవై మూడేళ్ళు ఏలిన బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు.

జనవరి 25న కైరోలో జనం లేచారు. వారి కేక మూడు మాటలు: రొట్టె, స్వేచ్ఛ, సాంఘిక న్యాయం. ఫిబ్రవరి 11న ముబారక్ దిగిపోయాడు. ఆ ఫిబ్రవరిలోనే లిబియా, బహ్రెయిన్ లేచాయి. యెమెన్ అప్పటికే రగులుతున్నది. మార్చిలో సిరియాలోని దరా పట్టణంలో బడిపిల్లలు గోడ మీద రాసిన రాతలకు వారిని బంధించి హింసించడంతో ఆ దేశమూ భగ్గుమన్నది.

బువజీజీ ఆకలితో చనిపోలేదు. అవమానంతో, ఫిర్యాదు చెప్పుకునే చోటు లేక చనిపోయాడు. 2024 జూనులో ఈజిప్టు ముప్పై ఏళ్ళకు పైగా కదలని సర్కారు రొట్టె ధరను అయిదు పియాస్టర్ల నుంచి ఇరవైకి పెంచినప్పుడు 1977 వంటి తిరుగుబాటు రాలేదు. రొట్టె ధర అగ్గిపుల్ల మాత్రమే. ఎండుకట్టెలు వేరే పేరుకుని ఉండాలి.

ఒకే నిప్పు, వేర్వేరు ఫలితాలు

ఒకే సంవత్సరం రగిలిన దేశాలు ఒకే చోటికి చేరలేదెందుకన్నది ఈ చరిత్రలో అన్నిటికంటె పెద్ద ప్రశ్న.

లిబియాలో గద్దాఫీ నలభై రెండేళ్ళలో పార్టీని, సంఘాన్ని, శాసనసభను దేనినీ బ్రతకనివ్వలేదు. 2011 మార్చిలో నాటో విమానాలు వచ్చాయి, అక్టోబరు 20న గద్దాఫీ హతుడయ్యాడు. అతనితోపాటు రాజ్యయంత్రమూ పోయింది. తుపాకులున్న ముఠాలు మిగిలాయి. బహ్రెయిన్‌లో మార్చిలో సౌదీ సేనలు వచ్చి ఉద్యమాన్ని అణచడానికి తోడ్పడ్డాయి. సౌదీ రాజు తన ప్రజలకు ఒక్కసారిగా పదివేల కోట్ల డాలర్లకు మించిన వరాలు ప్రకటించి ఇల్లు చక్కబెట్టుకున్నాడు. యెమెన్‌లో సాలెహ్ అధికారం అప్పగించినా 2014 నుంచి యుద్ధం దేశాన్ని కబళించింది. సిరియాలో అసద్ జనం మీదికి సైన్యాన్ని పంపాడు. ఇరుగుపొరుగు రాజ్యాలు, అగ్రరాజ్యాలు తలా ఒక పక్షాన చేరాయి. లక్షలాదిమంది మరణించి, దేశ జనాభాలో సగానికి పైగా ఇళ్ళు విడిచిన తరువాత 2024 డిసెంబరు 8న అసద్ రష్యాకు పారిపోయాడు. ఈజిప్టులో సైన్యమే ముబారక్‌ను దింపింది. 2012లో ఎన్నికైన మోర్సీని 2013 జూలై 3న అదే సైన్యం దింపింది.

ట్యునీషియా కొంతకాలం వేరుగా నడిచింది. 1946 నాటి నుంచి అక్కడ ఒక బలమైన కార్మిక సమాఖ్య ఉంది. నియంతలు దానిని వంచారేగాని విరవలేకపోయారు. 2013లో ఇద్దరు ప్రతిపక్ష నాయకుల హత్యలతో దేశం అంతర్యుద్ధం అంచుకు వచ్చినప్పుడు ఈ సమాఖ్య, యజమానుల సంఘం, మానవహక్కుల సంఘం, న్యాయవాదుల సంఘం కలిసి పార్టీలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాయి. 2014 జనవరిలో కొత్త రాజ్యాంగం వచ్చింది. 2015లో ఆ నాలుగు సంఘాలకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. కాని ఉద్యోగాలు రాలేదు, ధరలు దిగలేదు. 2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయ్యద్ పార్లమెంటును స్తంభింపజేసినప్పుడు విసిగిన జనంలో అనేకులు చప్పట్లు కొట్టారు. స్వేచ్ఛ ఇచ్చి రొట్టె ఇవ్వని రాజ్యం కూడా నిలవదన్నమాట. పాత ఒప్పందం తిరగేస్తే కొత్త ఒప్పందం కాదు. రెండూ కలిసి రావాలి.

అత్బరా రైలు

రైల్వేవాణ్ణి గనుక చివరగా ఒక రైలు ముచ్చట చెప్పకుండా ఉండలేను. సూడానులో నైలు నదితో అత్బరా నది కలిసే చోట అదే పేరుగల ఊరు ఉంది. ఇంగ్లీషువారి కాలంలో అది రైల్వేల ముఖ్యస్థానం. 1940లలో అక్కడి వర్క్‌షాపు కార్మికులు పెట్టిన సంఘంతోనే సూడాను కార్మికోద్యమం వేళ్ళూనింది. 2018 డిసెంబరు 19న రొట్టె ధర ఒక పౌను నుంచి మూడు పౌన్లకు పెరగడంతో అత్బరా ప్రజలు వీధికెక్కారు. 2019 ఏప్రిల్ 11న, ముప్పై ఏళ్ళు ఏలిన బషీర్ పడిపోయాడు. సైన్యం అధికారాన్ని తన వద్దనే ఉంచుకోబోతే, ఆ నెల 23న అత్బరా నుంచి పెట్టెల మీద, కప్పుల మీద జనంతో ఒక రైలు ఖార్టూము చేరింది. స్టేషను పరిసరాలు జయధ్వానాలతో మారుమ్రోగాయి. ఆ రైలు చిత్రాన్ని తెర మీద చూసిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

ఆ రైలు గమ్యం చేరలేదు. 2021 అక్టోబరులో సేనాపతులు అధికారం లాక్కున్నారు. 2023 ఏప్రిల్ 15న ఇద్దరు సేనాపతుల మధ్యే యుద్ధం పుట్టి ఖార్టూము శిథిలమైంది. మన ప్రభుత్వం దాదాపు నాలుగువేలమంది భారతీయులను ఎర్ర సముద్రం మీదుగా తెచ్చింది. దానికి పెట్టిన పేరు కావేరి.

మనం నేర్వవలసినది

ఈ నూటయాభై ఏళ్ళ లెక్క కూడి చూస్తే మూడు సంగతులు తేలుతాయి. మొదటిది, అప్పు ఇచ్చేవాడు ఒకనాడు ఆజ్ఞ ఇచ్చేవాడవుతాడు. రాజుకైనా, రైతుకైనా ఇంతే. రెండవది, తిండి ఒక్కటే పెట్టి నోరు కట్టివేసిన ఏలుబడి తిండి తగ్గిన రోజున నిలవదు. మూడవది, కూలగొట్టడానికి జనసందోహం చాలు, నిలబెట్టడానికి మాత్రం సంఘాలు కావాలి. చందా వసూలు చేసి రసీదు ఇచ్చే సంఘం, లెక్క చదివి వినిపించే సంఘం, ఓడిపోయినవాడు కూడా మరుసటి సమావేశానికి వచ్చే సంఘం కావాలి. అట్లాంటివి మిగిలిన చోట కొంతకాలమైనా శాంతి కుదిరింది. లేని చోట తుపాకీ మిగిలింది.

ఈ మూడవ సంగతి మన వలస తెలుగువారికి వర్తించకపోలేదు. పరాయి రాష్ట్రంలో తరతరాలుగా ఉన్న మనకు బడి కావాలన్నా, శ్మశానం కావాలన్నా, గల్ఫులో చిక్కుకున్న పిల్లవాణ్ణి రప్పించాలన్నా, ఒంటరిగా పోతే కచేరీ గుమ్మం దాటనివ్వరు. సంఘంగా పోతే కుర్చీ వేస్తారు. కాని మన సర్వసభ్య సమావేశంలో జమాఖర్చు చదివే వేళకు వెనుక వరుసలు ఖాళీ అవుతుంటాయి. నాటకం ఉన్న రోజున మాత్రం చోటు చాలదు. ప్రశ్న అడగడం, లెక్క వినడం, వాదించి ఓడి కలిసి ఉండడం ఇటువంటి చిన్న చోట్లలో అలవాటైతేనే పెద్ద చోట పనికివస్తుంది. ట్యునీషియాను కొన్నేళ్ళు నిలబెట్టిన నాలుగు సంఘాలు ఆకాశం నుంచి ఊడిపడినవి కావు.

గల్ఫుకు పోయే ప్రతి యువకుడికి మనం ఊరగాయ జాడీతోపాటు ఆ దేశపు చరిత్ర నాలుగు మాటలు చెప్పి పంపాలి. ఏ చట్టం కింద పనిచేస్తాడో, కాగితాలు ఎవరి చేతిలో ఉంటాయో, అలజడి వస్తే ఎవరిని పిలవాలో అతనికి తెలిసి ఉండాలి. ఇంట్లో ఉన్నవారు ఆ దేశపటాన్ని ఒక్కసారైనా చూసి ఉండాలి. చదువుకు వయసు లేదు, డిగ్రీ అక్కరలేదు, అర్ధరాత్రి కూడా తెరిచి ఉండే బడులున్నాయి. ఈ కొత్త సంవత్సరంలో మన సంఘ భవనంలో వారానికొక రాత్రి పదిమంది కూర్చుని ఇట్లాంటి పాఠం ఒకటి కలిసి విని, తెలుగులో చర్చించుకునే ఏర్పాటు చేస్తే బాగుంటుందని కార్యవర్గానికి మనవి. చాపలు, కుర్చీలు సర్దే పని నాకు వదలండి.

పాఠకులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.